మానెయ్యమన్న చీటీలో ఏం తినాలో లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు మొదటి వారంలో మా ఊరి అంగన్‌వాడీలో తల్లిపాల వారోత్సవాల మీటింగు పెట్టారు. ముర్రుపాలు పారబోయకండి, ఆర్నెల్ల దాకా తల్లిపాలే పట్టండి అని చెప్పారు. మంచి మాటలే. పాపను ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. పాలిచ్చే మనిషి కంచంలో ఏముందని ఎవరైనా అడుగుతారేమోనని గంటసేపు చూశాను. ఎవరూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. పాపకు యాభై రోజులప్పుడు గుడ్డ మీద మలంలో జిగట, ఆ జిగటలో దారప్పోగుల్లా ఎర్రటి చారలు కనిపించాయి. ఆశా కార్యకర్త నలభై రెండో రోజున వచ్చి పాపను తూచి వెళ్ళింది. వాళ్ళ లెక్క ప్రకారం మళ్ళీ రావలసింది మూడో నెలలో. సరిగ్గా ఆ మధ్యలో పడ్డాం మేము. శ్రీకాకుళంలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. పాప బరువు బాగానే ఉందని, తల్లి తినేదేదో బిడ్డకు పడటం లేదని చెప్పి ఆయన చీటీ రాశారు. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, చేప, వేరుశనగ, గోధుమ, సోయా అన్నీ బంద్. ఎన్నాళ్ళో రాయలేదు. బదులుగా ఏం తినాలో అదీ రాయలేదు. బయట బెంచీల మీద ఇంకా ముప్ఫై మంది ఉన్నారు, ఆయనకు తీరికేది? కానీ చీటీ వెనకవైపు మొత్తం ఖాళీగానే ఉంది.

ఇంటికొస్తే ఇంకో పథ్యం. బాలింతకు వంకాయ పనికిరాదు, గుమ్మడికాయ వాతం, దుంపలు ముట్టకూడదు, నీళ్ళెక్కువ తాగితే పొట్ట జారుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది. డాక్టరు వద్దన్నవి పోను, అమ్మమ్మ వద్దన్నవి పోను మిగిలింది అన్నం, బీరకాయ, వెల్లుల్లి కారం, పొద్దున్నే బాలింత మందుగా ఉసిరికాయంత కాయం ఉండ. పెద్దవాళ్ళ మాట అంతా కొట్టిపారెయ్యను. పాలు పడాలని పాలసొర చేప పిట్టు పెట్టమన్నదీ వాళ్ళే. అయితే చేపను చీటీలో కొట్టేశారు కదా! "ఓలమ్మ, పాలు తాగకపోతే నీకు పాలెలా పడతాయే" అని అమ్మమ్మ గోల. ఆవు గడ్డి తినే పాలిస్తోంది కదా మామ్మా అని నవ్వాను. ఆ నవ్వు పదిరోజుల ముచ్చటే అయింది.

మొదట మలబద్ధకం. మూడు రోజులకోసారి, అదీ కళ్ళలో నీళ్ళు తిరిగేంత కష్టంగా. పాలూ గుడ్లూ లేకపోతే బలమెలా అని ఒక్కసారిగా ఉలవలు, శనగలు గిన్నెడేసి తినడం మొదలుపెట్టాను. సాయంత్రానికల్లా కడుపు డోలులా బిగుసుకుపోయేది. మర్చిపోతానేమోనని ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి ఒకేసారి, అదీ పాలు లేని టీతో మింగేదాన్ని. ఆ రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలని, లేకపోతే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని, టీ కూడా దానికి అడ్డమేనని తర్వాత తెలిసింది. పది వారాల టీకాకు వెళ్ళినప్పుడు పాప బరువు వేసి కార్డులో రాశారు. నా వైపు ఎవరూ చూడలేదు. ఒకరోజు పాపకు నీళ్ళు పోసి, కాళ్ళ మీంచి ఎత్తుకుని లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. పాపను అమ్మ చేతిలో పెట్టి తడి గచ్చు మీదే చతికిలబడ్డాను. ఇంకో రెండు క్షణాలు ఆలస్యమైతే ఏమయ్యేదోనని ఇప్పటికీ టెన్షనే.

పాలిచ్చే తల్లికి మొదటి ఆర్నెల్లు మామూలు తిండి మీద రోజుకు ఇంకో 600 క్యాలరీలు కావాలని, కాల్షియం 1,200 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నేనేమో బీరకాయ మీద బతుకుతున్నాను.

ఆరు వారాలయ్యాక మా ఆడపడుచు విజయనగరంలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. తల్లిపాలు తాగే పిల్లల్లో ఇలాంటి అలర్జీకి ఎక్కువగా కారణం పాలలోని ప్రొటీనేనట. ముందు పాలు, పాలతో చేసినవి మాత్రమే రెండు నుంచి నాలుగు వారాలు మానాలి. తగ్గితే మళ్ళీ తాగి చూడాలి. మళ్ళీ చారలు కనిపిస్తేనే పాలు కారణమని తేలినట్టు. గేదెపాలో మేకపాలో తాగితే ఏమని మా అత్తగారు అడిగారు. వాటిలోనూ దాదాపు అదే రకం ప్రొటీన్ ఉంటుంది, లాభం లేదన్నారు. సరే, ఒక్కో వస్తువూ మూడేసి రోజుల ఎడంతో తిరిగి మొదలుపెట్టాను. గుడ్డుకు ఏమీ కాలేదు. చేప, వేరుశనగ, గోధుమ, సోయా, దేనికీ ఏమీ కాలేదు. చివరికి పాలు తాగితే రెండో రోజుకే చారలు. అంటే ఐదు వస్తువులు ఆరు వారాలు ఊరికే మానేశానన్నమాట.

ఆవిడ తినమన్నవి ఎక్కడి నుంచో తెప్పించుకునేవి కావు. మా చోళ్ళే, అంటే రాగులు. 100 గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే కొలత పాలలో 120 దాకా. చోడి అంబలి, నువ్వుల చిమ్మిలి, మునగాకు, ముళ్ళతో సహా నమిలేసే ఎండు నెత్తళ్ళు. ఉలవలు మానమనలేదు, బాగా నానబెట్టి మెత్తగా ఉడికించి గుప్పెడుతో మొదలెట్టమన్నారు. దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగమన్నారు. ఈ నీళ్ళ దగ్గరే అమ్మమ్మతో పెద్ద యుద్ధం, అది వేరే కథ. రెండు వారాలకు కడుపు దారికొచ్చింది. నెల తిరిగేసరికి డాబా మెట్లు ఆగకుండా ఎక్కగలిగాను.

ఇక అంగన్‌వాడీ సరుకు. బాలింతకు ఆర్నెల్ల దాకా ఇచ్చేవాటిలో పాలు, గుడ్లే ముఖ్యం. పాలు నాకు పనికిరావు కదా, బదులుగా ఇంకో కిలో చోడిపిండి ఇమ్మని అడిగాను. కార్యకర్త మంచి మనిషి, పాపం. "నాకూ ఇవ్వాలనే ఉందమ్మా, రిజిస్టరులో అలాంటి గడి లేదు" అంది. ఆ పాల ప్యాకెట్లతో మా ఇంట్లో బాలింత తప్ప అందరూ టీ తాగారు. రికార్డులో మాత్రం తాగింది నేనే.

మధ్యలో మా అమ్మ రస్కు పెట్టి రెండుసార్లు కొంప ముంచింది. అందులో పాలపొడి ఉందని ప్యాకెట్ మీద రాసే ఉంది, ఇంగ్లీషులో. ఇంగ్లీషులోనో హిందీలోనో రాస్తే నిబంధనకు సరిపోతుందట. తెలుగు మాత్రమే చదవగలిగే మా అమ్మలాంటివాళ్ళు ఏం చేయాలి?

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పాలిచ్చే తల్లికి ఏదైనా మానెయ్యమని రాసే డాక్టర్లు, ఎన్నాళ్ళో, బదులేమిటో చీటీ వెనక రెండు లైన్లు రాయాలి. డాక్టరు చీటీ చూపిస్తే పాలకు బదులు చోడిపిండి ఇచ్చేలా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆ రిజిస్టరులో ఒక గడి పెట్టాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు వచ్చిన తల్లిని కూడా ఒక్క నిమిషం తూకం మీద నిలబెట్టి, ఏం తింటున్నావమ్మా అని అడగాలి.

మా పాపకు ఇప్పుడు ఏడో నెల. ఆ సరుకు ఇక నాకు రాదు, నా కోసం అడగడం కాదిది. మొన్న మా పక్క వీధి పిల్ల రెండు నెలల కొడుకును ఎత్తుకుని వచ్చి, చీటీ చూపించి, ఇది ఎన్నాళ్ళక్కా అని అడిగింది. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ బంద్ అని ఉంది. తిప్పి చూశాను, వెనకవైపు ఖాళీ.

ఇట్లు,
ఒక తల్లి,
ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా