కంటి చుట్టూ తెల్ల వలయం ఉంటే అన్నీ ఒకటే జాతి కాదు

సంపాదకులకు,

ఫిషర్, మాస్క్‌డ్ లవ్‌బర్డ్స్‌ను (ఇవి చిన్న చిలుకలు) ఒకే జాతిలో రెండు రంగులనుకుని జత కట్టించేవారు చాలామందే ఉన్నారు. తప్పు పట్టలేం: రెండింటికీ ఎర్ర ముక్కు, కంటి చుట్టూ తెల్లటి వలయం, సుమారు 14 సెంటీమీటర్ల పొడవు. రెండింటి స్వస్థలమూ టాంజానియానే. అయితే ఫిషర్ విక్టోరియా సరస్సుకు దక్షిణాన, మాస్క్‌డ్ ఫిషర్ ఉండే చోటికి తూర్పున ఉంటాయి.

తేడా తలలో చూడాలి. మాస్క్‌డ్ తల నల్లగా, మెడ చుట్టూ పసుపు పట్టీ. ఫిషర్ ముఖం నారింజ, నడినెత్తి గోధుమ కలిసిన ఆకుపచ్చ, తోక మొదట్లో ఊదా ఛాయ. ఆడ, మగ రంగులో ఒకేలా ఉంటాయి కనుక రంగును బట్టి లింగం చెప్పేవారి మాట నమ్మకండి.

ఇవి కలిస్తే పుట్టే పిల్లలు గొడ్డుపోవు, అవీ గుడ్లు పెడతాయి. చిక్కంతా అక్కడే. రెండు మూడు తరాలకు సంకరం పైకి కనిపించదు. కెన్యాలోని నైవాషా సరస్సు దగ్గర ఈ సంకర పక్షులు బయటే గుంపులుగా బతుకుతున్నాయి. ఫిషర్ నారింజ ముఖంపై మసిపూసినట్టు నల్ల మరక, మాస్క్‌డ్ నుదుట నారింజ ఛాయ కనిపిస్తే అనుమానించాలి. కానీ మాస్క్‌డ్ పిల్లల తల మొదట్లో వెలిసినట్టే ఉంటుంది. తొలిసారి ఈకలు మార్చుకునేదాకా తీర్పు చెప్పకూడదు. రెండు జాతుల నీలి రంగు రకాల్లో నారింజ, పసుపు రెండూ పోయి తెలుపవుతాయి, అప్పుడు తల నలుపే ఆధారం. తల్లిదండ్రుల వివరం తెలియని నీలి పక్షిని పిల్లల కోసం జత కట్టకపోవడమే నయం.

జాతికో పంజరం పెట్టి, కాలికి రింగు వేసి, పుట్టిన తేదీ రాసుకోండి.

– ఒక పక్షుల పెంపకందారు