మన పిల్లలకి కష్టాలూ చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా కోనసీమలో అమెరికాకో గల్ఫ్‌కో మనిషి వెళ్లని ఇల్లు వెతికితేగానీ దొరకదు, కానీ వాళ్ల గురించి మనం మాట్లాడుకునేదల్లా ఎంత ప్యాకేజీ, ఎప్పుడొస్తాడు అనే. అక్కడ కుర్రాడు ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తున్నాడో అడగం, వాడూ చెప్పడు.

మా అక్క మనవడు డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. ఫోన్ చేస్తే "బాగున్నా" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఒకరోజు వీడియో కాల్‌లో మా అక్క 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి సంగతి ఎత్తింది, పెంకులు లేచిపోతుంటే ముసలి అత్తగారిని మంచం కిందకి తోసి పైన బొంతలు కప్పడం, తెల్లారి చూస్తే కొబ్బరి తోటంతా పడుకునుండటం, మళ్లీ మొక్క పెడితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు కదా, అప్పులోళ్లు వచ్చి అరుగు మీద కూర్చోవడం, అన్నీ. వాళ్ల నాన్న కువైట్ వెళ్లాడని తెలుసుగానీ ఎందుకెళ్లాడో వాడికి అప్పటిదాకా తెలీదండి, మేం చెబితే కదా. అంతా విని "నాన్నమ్మా, క్యాంపస్‌లో నా పార్ట్‌టైం పోయింది, ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఇక అక్కణ్నుంచి వాడే మాట్లాడాడు.

ఇది మా ఒక్కింటి సంగతి కాదు. అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ సైకాలజిస్టులు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ పిల్లల్ని 20 ప్రశ్నలడిగారు, తాతలెక్కడ పెరిగారు, అమ్మానాన్నలెలా కలిశారు ఇలాంటివి. ఇంటి కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువ కనిపించింది. అందులోనూ లేచామూ పడ్డామూ మళ్లీ లేచామూ అని రెండూ చెప్పే కథే పిల్లలకి బలం అంటాడు డ్యూక్. సొంత కథ సంగతికొస్తే 1986లో అచ్చయిన పరిశోధనలో అమెరికా సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ కాలేజీ పిల్లల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు మనసులో బాధ రాయించాడు, తర్వాత నెలల్లో, మామూలు విషయాలు రాసిన పిల్లలకంటే వాళ్లు క్యాంపస్ డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు.

మనకి కథలకి కరువా? కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ పోయిన తరాలు మనవి, 1942లో జపాన్ వాళ్లొస్తే బర్మా అడవుల్లో కాలినడకన వచ్చినోళ్లలో మనోళ్లూ ఉన్నారు. ఇవి ఎంతమంది మనవళ్లకి తెలుసు?

బలవంతంగా మాత్రం చెప్పించకూడదు, నిజంగా కుంగిపోయిన పిల్లాడికి కథ సరిపోదు, డాక్టర్ కావాలి.

మీరు ఆదివారం జిల్లా పేజీలో బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలు రాసినవాటికి కాస్త చోటివ్వండి. పేరు వద్దంటే పేరు లేకుండానే వేయండి, ఉద్యోగం పోయినోడిదీ వేయండి.

ఇట్లు,
రాజోలు నుంచి మీ పాఠకురాలు