కారుని అలాగే వదిలేసి వెళ్లకురా

ఒరేయ్ శీనూ,

టికెట్లు కొనేశారటగా, మీ ఆవిడ ఫోన్లో చెప్పిందట. డిసెంబరు మొదట్లో గుంటూరు వెళ్తే మళ్లీ అమెరికా వచ్చి మినియాపొలిస్‌లో దిగేది మార్చి ఆఖరికే. బాగుంది, మరి కారు సంగతేంటి? "గ్యారేజీలో పెట్టి తాళం వేస్తా, అంతేగా" అంటావని తెలుసు. మూడేళ్ల కింద నేనూ అదే అన్నాను, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ఆ ఏడాది తిరిగొచ్చి చూస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. సరే, పక్కింటాయన జంప్ ఇచ్చాడు. హీటర్ వేయగానే గరగరమని చప్పుడు, దాంతోపాటు ఒక కంపు, దాని గురించి ఇక వద్దులే. గ్లవ్ బాక్స్ ఊడదీసి, కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ లాగితే దాని మీద ఎలుక గూడు! టిష్యూ పేపర్లు సన్నగా చీల్చి, సీటు లోపలి దూది కలిపి, మధ్యలో చిన్న గిన్నెలా గుంట చేసుకుంది, చుట్టూ పల్లీ పొట్టు. ఆ పల్లీలు మావే, వెనక సీటు కింద మర్చిపోయిన పొట్లం.

కాబట్టి ముందు లోపల తిండి అన్నది లేకుండా వాక్యూమ్ చెయ్యి. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కు, కానీ కుక్కినట్టు కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అతికించు. మార్చిలో జెట్‌లాగ్‌తో వచ్చి అది తీయకుండా స్టార్ట్ చేశావంటే మళ్లీ నాకే ఫోన్ చేస్తావు.

బ్యాటరీకి మెయింటెయినర్, అదే ఛార్జ్ తగ్గిపోకుండా చూసే చిన్న ఛార్జర్, తగిలించి వెళ్లు, ఇది మాత్రం బద్ధకించకు. నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 40లో కూడా గడ్డకట్టదు, ఖాళీ అయిందంటే మైనస్ 10 సెల్సియస్‌కే లోపల ఐసై డబ్బా పగలొచ్చు. జనవరిలో ఈ మినియాపొలిస్ చలి సంగతి నీకు తెలిసిందే కదా.

ఇక గ్యాస్, అదే పెట్రోలు: ట్యాంకు నిండా కొట్టించి, అది పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ మందు పోసి, ఓ పది నిమిషాలు తిప్పు, అప్పుడే ఆ మందు ఇంజిన్ దాకా వెళ్తుంది. ఆయిల్ మార్చే టైం దగ్గరపడితే వెళ్లే ముందే మార్పించు, వాడేసిన ఆయిల్లో యాసిడ్లు, తేమ ఉంటాయి, నాలుగు నెలలు అలా ఉంచడం మంచిది కాదు. మంచుకని రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగున అంటుకుని ఉంటుంది, అది పోయేలా కడిగించు. టైర్లలో తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికంటే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించు. హ్యాండ్ బ్రేక్ వేయకు, నెలల తరబడి ఉంటే పట్టేస్తుంది, గేరు పార్క్‌లో పెట్టి చక్రాల కింద చెక్కముక్కలు పెడితే చాలు. అద్దాలు తుడిచే నీళ్లు ఎండాకాలానివైతే మార్చు.

ఇంకోటి, వారానికోసారి వచ్చి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి పొమ్మని నన్ను అడగబోకు. నా బద్ధకం కాదురా, ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే పెట్రోలు మండినప్పుడు పుట్టే ఆవిరంతా సైలెన్సర్లో, ఆయిల్లో నీళ్లై కూర్చుంటుంది, స్టార్టర్ లాక్కున్న కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి రాదు. కదపకుండా ఉంచడమే మేలు.

మెయింటెయినర్ నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, శనివారం తెస్తాను. ఈలోగా వెనక సీటు కింద ఓసారి చూడు, పోయిన ఆదివారం మీవాడు జంతికలు తింటూ అక్కడే కూర్చున్నాడు.

నీ,
ప్రసాద్