రాత్రి మెసేజ్‌కి జవాబు ఎందుకు రావట్లేదంటే

నమస్కారం. పదిహేను రోజులుగా మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "ఏమండీ, ఇదివరకు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టినా వెంటనే పలికేవారు. ఇప్పుడు పొద్దున పది దాకా టిక్కులు నీలం కావట్లేదు. ఒంట్లో బాగుందా?" అని. ఒక పెద్దావిడైతే తెనాలి బస్టాండులో దిగి ఆటో కట్టించుకుని మా జాకెట్ల కుట్టు షాపుకే వచ్చి చూసి వెళ్లారు. బాగానే ఉన్నానండీ. కావాలనే ఫోన్ పక్కన పెడుతున్నాను. ఎందుకో చెప్పకపోతే నాలుగు బేరాలు ఎక్కువొచ్చేసరికి దీనికి పొగరెక్కిందనుకుంటారు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. ఆ కస్టమర్‌ని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

వైశాఖంలో ఒక పెళ్లికూతురి జాకెట్టు ఒప్పుకున్నాం. కంచిపట్టు చీర, దాంతోపాటే వచ్చిన జాకెట్టు ముక్క, మెడకీ చేతులకీ నిండుగా మగ్గం వర్క్, అంటే చట్రానికి గుడ్డ బిగించి చేసే జరీ, ముత్యాల పని. వాళ్లమ్మగారు రాత్రి 10:50కి "చేతులు పొట్టివి చాలు" అని మెసేజ్ పెట్టారు. నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్ తెరవకుండానే పైన కనబడిన ముక్క చదివేసి, పాల లెక్క రాసే కాగితం మీద "పొట్టి" అని రాసుకున్నాను. ఆవిడ ఐదు నిమిషాలాగి అదే మెసేజ్‌ని దిద్ది "మోచేతి దాకా" అని మార్చారు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు దిద్దుకునే వీలు 2023 నుంచి ఉంది. దిద్దినప్పుడు అవతలివాళ్లకి మళ్లీ శబ్దం రాదు. పక్కన చిన్న అక్షరాల్లో "ఎడిటెడ్" అని ఉంటుంది, అంతే.

ఇక్కడిదాకా ఎవరి తప్పూ లేదనొచ్చు. కానీ మర్నాడు ఆవిడ రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా పెట్టారు, అన్నీ వివరంగా. దాన్ని నేను అన్నం తింటూ, రెండింతల స్పీడులో పెట్టుకుని విన్నాను. విన్నానని గుర్తుంది. ఏం విన్నానో గుర్తులేదు.

మగ్గం పని చూసినవాళ్లకి తెలుసు. ట్రేసింగ్ కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దితే డిజైను చుక్కలుగా కిందికి దిగుతుంది. ఆ చుక్కల వెంబడే ఆరీ సూదితో జరీ, ముత్యాలు, కుందన్లు కుడతారు. చెయ్యి ఐదంగుళాలని దించి పని పూర్తి చేశాక దాన్ని పదకొండు అంగుళాలు చెయ్యడం ఎవరి తరమూ కాదు. ట్రయల్‌కి పిలిచేసరికి ముహూర్తం నాలుగు రోజుల్లో ఉంది. ఆ అమ్మాయి జాకెట్టు తొడుక్కుని, అద్దంలో చేతుల వంక చూసుకుని, ఏమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున రైలుకి బెజవాడ వెళ్లి, వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్టులో ఎనిమిది షాపులు తిరిగి, ఆ రంగుకి దగ్గరగా ఉన్న రా సిల్క్ ముక్క తెచ్చాను. మా వర్కర్లలో ముగ్గురు రెండు రాత్రులు కూర్చుని చేతులు మళ్లీ చేశారు. పెళ్లి ఫొటోల్లో తేడా తెలియదు. ఎండలో తెలుస్తుంది. తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేశాను. వాళ్లు వద్దన్నా ఇచ్చాను.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఆ వారమంతా నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఏమీ అనిపించలేదు. 2009లో ఇంట్లో ఒక్క మిషనుతో మొదలుపెట్టినప్పుడు హుక్కు కాస్త పక్కకి పోయినా నిద్రపట్టేది కాదు నాకు. అలాంటిదాన్ని ఒక పిల్ల పెళ్లి జాకెట్టు పాడుచేసి "సరే, తర్వాతది ఏంటి" అనుకున్నాను. కౌంటర్ మీద డబ్బులు పడ్డాయని చెప్పే సౌండ్ బాక్సు అరిచినా ఉలిక్కిపడేదాన్ని. డబ్బొస్తే ఉలికిపాటేమిటి చెప్పండి!

మా అమ్మాయి దీన్ని బర్నౌట్ అంటారంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దీని ప్రస్తావన ఉందట. జబ్బుగా కాదు, తెమలని పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా. గుర్తులు మూడు. ఓపిక పూర్తిగా హరించుకుపోవడం, చేసే పని ఎవరిదో అన్నట్టు దూరమైపోవడం, పనిలో ఇదివరకటి నేర్పు లేకపోవడం. మూడూ విని "వాళ్లు మన షాపుకి ఎప్పుడొచ్చారే" అన్నాను. మా అమ్మ ఉంటే "ఒళ్లు హూనమైంది" అనేది. కానీ నాట్లు వేసి వచ్చిన అమ్మకి ఒళ్లే హూనమయ్యేది, పడుకుంటే పొద్దుటికి తగ్గేది. నా పని ఫోన్‌లో ఉంది, ఫోన్ దిండు కింద ఉంది. ఇక తగ్గేదెప్పుడు?

ఫోన్ పక్కన పెట్టడం నా తెలివి కాదు, మా అత్తగారి గోరింటాకు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే ఆవిడ ఊరుకోరు. మొదటి వారంలోనే పెరట్లో ఆకు కోసి, రుబ్బి, రాత్రి ఎనిమిదింటికి నా రెండు చేతులకీ దట్టంగా పెట్టేశారు. ఫోన్ బల్ల మీద మోగుతూనే ఉంది. ముక్కుతో ఎత్తబోయాను, ఒట్టు. మా అత్తగారు చూసి, ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశారు. పొద్దున చేతులు కడుక్కుని చూస్తే 46 మెసేజ్‌లు. అందులో రాత్రికి రాత్రి తేలాల్సింది ఒక్కటీ లేదు. ఒకావిడ తన ప్రశ్నకి తనే జవాబు వెతుక్కుని "ఓకే అండీ, చూసుకున్నా" అని కూడా పెట్టేశారు.

అప్పుడు మా అమ్మాయీ నేనూ ఫోన్ ముందేసుకుని కూర్చున్నాం. ఎలాగూ ముహూర్తాలు లేని నెల, మధ్యాహ్నాలు ఖాళీ. అటక మీద సామాను దించినట్టే ఉంది వ్యవహారం. ఫొటోలే 31 వేల పైన. సగం మీరు పంపిన డిజైన్ల స్క్రీన్‌షాట్లు, ఒకే వీపు డిజైను పదిమంది పంపినవి. చీర ఫొటో, కింద "ఇదే అక్కా" అని ఒక్క ముక్క, ఎవరు పంపారో గ్యాలరీలో చూస్తే తెలియదు. టేపు మీద వేలు పెట్టి తీసిన కొలత ఫొటోలు, అది నడుమో చంకో దేవుడికెరుక. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్లు రెండు వేలు. ఇవి దాచుకోవడం శుద్ధ దండగ. బ్యాంకు స్టేట్‌మెంటులో అన్నీ ఉంటాయి, పైగా స్క్రీన్‌షాట్ అబద్ధం కూడా చెప్పగలదు. గ్రూపులు 43. కుందన్లు అమ్మేవాళ్ల గ్రూపులో రోజుకి రెండొందల ఫొటోలు పడతాయి, అన్నీ వాటంతటవే నా ఫోన్‌లో చేరుతున్నాయి.

అది ఆపడం చాలా సులువట. వాట్సాప్ సెట్టింగుల్లో మీడియా విజిబిలిటీ అని ఉంటుంది, తీసేస్తే గ్యాలరీలోకి రావు. స్టోరేజ్ అండ్ డేటాలో మేనేజ్ స్టోరేజ్ నొక్కితే ఏ చాట్ ఎంత చోటు తింటోందో పెద్దది పైన, చిన్నది కింద వరసగా చూపిస్తుంది. నాకు పైన ఉన్నది మా పదో తరగతి బ్యాచ్ గ్రూపు! గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఎప్పుడో నిండింది. 2021 జూన్ నుంచి ఫొటోలు, 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోంచే లెక్కేస్తున్నారు. అది తెలియక నెలనెలా డబ్బు కట్టి ఎక్కువ చోటు కొంటున్నాను, ఎవరెవరి గుడ్ మార్నింగ్ పువ్వులో దాచుకోవడానికి.

బిజినెస్ వాట్సాప్‌లో లేబుళ్లు ఉంటాయి కదా, అవి వాడొచ్చుగా అని ఒక తమ్ముడు సలహా ఇచ్చాడు. అదీ ఇదివరకే వాడి చూశానండీ. కొత్తవి, మగ్గం, ఉత్త కుట్టు, డబ్బు రావాలి, అర్జెంటు అని రంగురంగులవి పెట్టాను. నెల తిరిగేసరికి ప్రతి చాట్‌కీ ఐదు రంగులూ అంటుకుని, ఫోనే మగ్గం వర్క్ చేసినట్టు తయారైంది.

చివరికి పాత పద్ధతికే వచ్చాను. మీ కొలతలన్నీ పొడుగాటి పుస్తకంలోకి ఎక్కించాను, మనిషికో పేజీ, పేజీకో నంబరు. ఆర్డరుకి కార్బన్ పెట్టి రాసే బిల్లు బుక్కు. ఒక కాపీ మీకు, ఒకటి మీ గుడ్డకే పిన్ను కొట్టి సంచిలో. కటింగ్ మాస్టరు ఇక నన్ను అడగడు, చీటీని అడుగుతాడు. ఆయన సంతోషం చూడాలి! "మేడం, మీరు గుర్తుపెట్టుకుని చెప్పేదానికంటే ఇదే నయం" అన్నాడు. ఇన్నాళ్లూ మొహమాటానికి ఊరుకున్నాడన్నమాట.

కాబట్టి ఇకమీదట డిజైను ఖాయమయ్యాక చీటీ రాసి దాని ఫొటో మీకు పంపుతాను. మీరు చదివి "సరే" అన్నాకే సూది గుడ్డలో దిగుతుంది. ఆ తర్వాత ఏదైనా మార్చాలంటే దయచేసి ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు. మెడకొకటి, వీపుకొకటి, చేతులకొకటి, మూడు ఫొటోలు చాలు. పదిహేడు పంపి "అన్నీ కలిపి చేయండి" అంటే ఎవరి వల్లా కాదు, చేసినా తొడుక్కోలేరు. వాయిస్ మెసేజ్‌లో కొలతలు తీసుకోను. టైపు చేయడం రాని పెద్దవాళ్లు ఏం చేయాలని అడక్కండి, వాళ్లు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. వాళ్లతో మాట్లాడితే నాకు అలసట రాదు.

ఫోన్ చూసే వేళ పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా. ఆ తర్వాత పెడితే షాపు మూసేశామని ఒక మెసేజ్ దానంతటదే వస్తుంది, నేనే పెట్టాను, కోపం తెచ్చుకోకండి. డాలస్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఉన్న మన ఆడపడుచులకి ఇది కుదరదని తెలుసు. మీకు మధ్యాహ్నం భోజనం వేళ నాకు రాత్రి పదకొండు. నా రాత్రులు సగం మీకే పోయాయి, నవ్వుతూనే చెప్తున్నాను. మీకోసం బుధ, ఆదివారాల్లో ఇక్కడ పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ఫోన్ దగ్గరే ఉంటాను. మీకు అది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర.

"ఎంతవరకొచ్చింది, ఒక ఫొటో పెట్టరా" అని రోజూ అడిగేవాళ్లకి ఒక మనవి. నిండు వర్క్ జాకెట్టు ఇద్దరు కూర్చుంటే నాలుగైదు రోజుల పని. ఫొటో అంటే వాళ్లు సూది ఆపి, మగ్గం మీద నుంచి లేచి, లైటు సరిచేయాలి. డిజైను దించాక ఒకటి, పని పూర్తయ్యాక ఒకటి, రెండు ఫొటోలు నేనే పంపుతాను.

పెళ్లి జాకెట్లు వారానికి నాలుగే ఒప్పుకుంటాను. ఈ పదిహేను రోజుల్లో శ్రావణం పెళ్లిళ్లకి వచ్చిన ఏడు ఆర్డర్లు వద్దన్నాను. రెట్టింపు ఇస్తామన్నా అర్జెంటు పని మానేశాను. ఇది మాత్రం ప్రాణం మీదకొచ్చినట్టే ఉంది, ఎందుకంటే షాపు అద్దె సగం ఆ అర్జెంటు డబ్బుల్లోనే వెళ్లేది. రోజూ పెట్టే రీల్ వారానికొకటి చేశాక కొత్తవాళ్ల ఫోన్లూ తగ్గాయి. మా ఆయన లెక్కలు చూసి ఏమీ అనలేదు కానీ పుస్తకం కాస్త గట్టిగా మూశారు. కుట్టుకూలి పెంచుతానేమోనని భయపడకండి, సంక్రాంతి దాకా ఇవే రేట్లు. ఆ తర్వాతి సంగతి అప్పుడు చూద్దాం.

అన్నీ మానేశానని గొప్పలు పోను. తెల్లారి ఐదింటికి మెలకువ రాగానే చెయ్యి ఇంకా దిండు కిందకే పోతోంది. డిజైన్లు చూద్దామని ఇన్‌స్టా తెరిస్తే గంట ఎటు పోతుందో తెలియట్లేదు, చూసిన డిజైను ఒక్కటీ గుర్తుండట్లేదు. ఫోన్ రాత్రిళ్లు బియ్యం డబ్బాలోనే ఉంటోంది. కానీ మొన్న ఒక రాత్రి లేచి మూత తీశాను. మా అత్తగారు చీకట్లోంచే "బియ్యం వేగిరం నానబెడుతున్నావా" అన్నారు.

అయితే మొన్న శనివారం చాలాకాలం తర్వాత మిషను మీద నేనే కూర్చున్నాను. ఒక పసిపిల్లకి పట్టు లంగా, జాకెట్టు. కుచ్చిళ్లు పెడుతుంటే కాలక్షేపంగా ఉంది, మధ్యలో ఎవరూ పిలవలేదు. పని అయ్యేసరికి టీ చల్లారిపోయి ఉంది.

వరలక్ష్మీ వ్రతానికి కావలసినవాళ్లు ఆషాఢ అమావాస్య లోపు గుడ్డ, కొలత జాకెట్టు తెచ్చివ్వండి. ఆ తర్వాత తెస్తే ఉత్త కుట్టు మాత్రమే, మగ్గం వర్క్ కుదరదు.

ఇంకొక్కటి. ఫోన్ సర్దినప్పుడు బీరువా కూడా సర్దితే, ఎవరివో తెలియని జాకెట్లు ఆరు దొరికాయి. చాట్లలో వెతికినా జాడ లేదు. ఒకటి వంకాయ రంగు, కుండ మెడ, వీపు మీద నెమలి. ఒకటి ఆకుపచ్చ పట్టు, చేతులకి ముత్యాల అంచు, ఎడమ భుజం లోపల ఎవరో పసుపు దారంతో చిన్న ముడి వేశారు. మిగతా నాలుగూ కౌంటర్ పక్కన అద్దాల బీరువాలో తగిలించాను. మీవైతే వచ్చి చూసి తీసుకెళ్లండి, కూలి బాకీ ఉన్నా అడగను. ఆదివారం సెలవు.