కేబుల్ దొంగతనాలు: మా అంగడిలో మారుతున్న పద్ధతులు

వింజమూరు, కలిగిరి, దుత్తలూరు వైపు మెట్ట రైతులందరికీ. బోరు కేబుల్ కోసుకుపోయారని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పోయినప్పుడల్లా కొత్తది అమ్ముకుంటే మాకు బేరమే. కానీ ఒకే బోరుకు రెండోసారి కేబుల్ అమ్మే బేరం మాకొద్దు. అందుకే మా కేబుల్, మోటారు రిపేరు అంగడిలో ఈ నెల నుంచి కొన్ని పద్ధతులు మారుస్తున్నాం.

రాత్రిళ్లు పొలాల వైపు పోలీసు జీపు కనపడటం లేదని అందరూ అంటున్నదే. ఉన్న సిబ్బందిలోనే కోర్టు పనికి కొందరు, సమన్లకు వారెంట్లకు కొందరు. నెల్లూరులో రొట్టెల పండగో, పెంచలకోన బ్రహ్మోత్సవాలో, పెద్దోళ్ల పర్యటనో వస్తే బందోబస్తుకు ఇంకొందరు. మిగిలినవాళ్లతో గస్తీ అంటే మెయిన్ రోడ్డూ బస్టాండూ దాటదు. కొత్తవాళ్లు రావడమూ ఆలస్యమే. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన ఇస్తే తుది ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టులో, ఆ తర్వాత శిక్షణ. ఎస్సై గారిని తిట్టుకుని లాభం లేదు.

ఇంకో కారణం మనవైపే ఉంది. వ్యవసాయానికి పగలు 9 గంటల కరెంటు వచ్చాక రాత్రి నీళ్లు కట్టే పని పోయింది. పాముల బాధ తప్పింది, సంతోషమే. అయితే రాత్రి కయ్యల్లో మనిషి లేడు, ఫీడరులో కరెంటూ లేదు. కరెంటు లేని తీగ కోయడానికి దొంగకు భయమేముంది? ట్రాన్స్‌ఫార్మర్లూ అప్పుడే విప్పుతున్నారు. చాలావాటిలో చుట్టింది అల్యూమినియమే. ఆ సంగతి వాడికి విప్పినాక గానీ తెలియదు, ఈలోపు ఆయిలంతా నేలపాలు.

4 ఎంఎం (అంటే చదరపు మిల్లీమీటర్లు) మూడు కోర్ల కేబుల్లో మీటరుకు దాదాపు 107 గ్రాముల రాగి ఉంటుంది. 6 ఎంఎం అయితే 160. స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా 60 మీటర్ల 4 ఎంఎం తీగ ఉందంటే ఆరు కేజీలకు పైగా రాగి గట్టు మీద పడున్నట్టే.

కాబట్టి డబ్బా నుంచి బోరు మూతి దాకా ఇకమీదట మేమిచ్చే సలహా అల్యూమినియం ఆర్మర్డ్ (పైన ఇనప కవచం ఉన్న) కేబులే. పాత ఇనప సామాను కొట్టులో దానికి పెద్ద రేటు రాదు, కోయడం కూడా కష్టం. రాగి 4 ఎంఎం ఉన్న చోట అల్యూమినియం 10 వేసుకోండి. 6తో సరిపెడితే దూరం ఎక్కువైన కొద్దీ వోల్టేజీ పడిపోతుంది. రెండున్నర అడుగుల లోతు కాలువ తీసి, కింద ఇసుక పరిచి, పైన ఇటుకలు పేర్చి పూడ్చండి. అడుగు లోతులో వేస్తే దొంగ కంటే ముందు మన కల్టివేటరే తెంపుతుంది. ఆర్మరుకు ఎర్తింగు తప్పనిసరి. బోరు దగ్గర రాగి, అల్యూమినియం కలిసే చోట బైమెటల్ లగ్గు వేసి క్రింపింగు టూలుతో నొక్కించి, నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టాలి. మెలిపెట్టి టేపు చుడితే నాలుగు వానలకు జాయింటు నల్లబడి ఒక ఫేజు పోతుంది, రెండు ఫేజుల మీద తిరిగి మోటారు కాలుతుంది. ఆ మోటారుకు గ్యారంటీ అడగొద్దు.

అలారం ఉన్న సెల్‌ఫోన్ స్టార్టర్లు కూడా అమ్ముతున్నాం. తీగ తెగితే ఫోను చేస్తాయి గానీ, రాత్రి కరెంటు ఉండదు కాబట్టి అంతా లోపలి బ్యాటరీ మీదే ఆధారం. రేకు డబ్బాలో ఎండకు ఆ బ్యాటరీ ఉబ్బిపోతుంది, ఏటా వేసవి ముందు చూపించుకోండి. సిమ్ రీచార్జి అయిపోతే అలారం లేనట్టే. 2జీ మాత్రమే పట్టే పరికరంలో జియో సిమ్ పని చేయదు. పొలంలో సోలార్ కెమెరా మాత్రం మేం అమ్మం. మెమొరీ కార్డు అందులోనే ఉంటే కెమెరాతో పాటు సాక్ష్యం కూడా దొంగ సంచిలోకే పోతుంది.

ఇకనుంచి బిల్లు లేకుండా ఒక్క మీటరు తీగ కూడా ఇవ్వం. బిల్లు మీద మీ కరెంటు సర్వీసు నంబరు, ఎంఎం, మీటర్లు, కంపెనీ పేరు రాస్తాం. దీనికి కారణముంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర చట్టాల్లో 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పోయిన తీగ విలువ 5,000 దాటిందని చూపించేది బిల్లే. మోటారు మీద అదే సర్వీసు నంబరు పంచింగు ఊరికే కొట్టిస్తాం. నేమ్ ప్లేటు మీద కాదు, అది రివెట్లు ఊడగొడితే పోతుంది. పంపు బాడీ మీదే కొట్టాలి.

తీగ పోయిందని తెలియగానే ముందు స్టార్టర్ మెయిన్ ఆపండి. కరెంటు వచ్చే వేళకు ఆటో స్టార్టర్ ఆన్‌లో ఉంటే తెగిన కొసకు ప్రాణాలు పోతాయి. తర్వాత కోసిన కొసలకు, అడుగు జాడలకు ఫోటోలు తీసి 112కి చేయండి. మండలం, ఊరు, దగ్గరి గుర్తు చెప్పండి, ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి. స్టేషనుకు బిల్లు, పాస్‌బుక్కు నకలు తీసుకెళ్లండి. పొలం మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషనులోనైనా రాసుకునేది) అడగండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. ఫిర్యాదు తీసుకోకపోతే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4) కింద ఎస్పీ గారికి పోస్టులో రాసి పంపవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పోతే అది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆస్తి, 1912కి, ఏఈ గారికి చెప్పండి. విప్పిన ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు ఎవరూ పోవద్దు.

పాత రాగికి రీవైండింగు బిల్లులో తగ్గించే పద్ధతి ఉంటుంది, కానీ మా దగ్గర విప్పిన మోటారు రాగికే. కేబుల్ తొడుగు కాల్చి తీసిన రాగి ఎవరు తెచ్చినా తీసుకోం. వైండింగుది ఒంటి తీగ, కేబుల్‌ది సన్నటి పోగులు, కాలిస్తే నల్లగా కమిలి ఉంటాయి, చూడగానే తెలుస్తుంది. తెలిసినవాళ్లు తెచ్చినా ఇదే మాట, మొహమాటపెట్టొద్దు.

అంగడి రాత్రి 9కి బదులు 7కే మూస్తాం. చీకటి పడ్డాక పొలానికి మెకానిక్‌ను పంపం. రిపేరైన మోటార్లు వారంలోగా తీసుకెళ్లండి, అంగడి బయట పెట్టడం మానేశాం, లోపల చోటు తక్కువ.