మల్లి చేతికి కర్ర ఇచ్చిన వాళ్ళందరికీ థాంక్స్

మొన్న ఆదివారం మల్లి ఐదో లెవెల్‌కి వచ్చింది. మల్లి అంటే నేను డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆడుతున్న పాత్ర, ఎడమ కాలు చచ్చుబడిన క్లెరిక్, అంటే దేవుడి శక్తితో మంత్రాలు వేసే మనిషి. ఐదు నెలల కిందట ఒక్క రోజు ఆడి ఈ పాత్రని వదిలేద్దామనుకున్నా. వదలకుండా ఇంత దూరం వచ్చానంటే కొందరి వల్లే, వాళ్ళకి అందరి ముందూ థాంక్స్ చెప్పాలని రాస్తున్నా.

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో మొదలైన ఆట ఇది. టేబుల్ చుట్టూ కూర్చుంటాం, ఒకరు కథ నడుపుతారు (డీఎం అంటాం), మిగతా వాళ్ళం తలా ఒక పాత్ర. గోడ దూకుతానంటే దూకగలిగామో లేదో ఇరవై ముఖాల డైస్ చెప్తుంది. కూకట్‌పల్లిలో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో ఆరుగురం ఆడతాం.

మల్లిని రాసుకునేటప్పుడు నేను చేసిందల్లా, ఆరు సెకన్ల రౌండ్‌కి ముప్పై అడుగులుండే వేగాన్ని పదిహేను చేసి, ఎక్కడం దూకడం లాంటి వాటికి డిసడ్వాంటేజ్ పెట్టుకోవడం, అంటే రెండు డైస్ వేసి తక్కువ పడింది తీసుకోవడం. కాలు అంటే నాకు ఆ రెండు అంకెలే. మొదటి రోజు నాలుగు గంటలూ మల్లి అందరికంటే వెనకే ఉంది, అందరూ ఆమె కోసం ఆగారు, ఒకసారైతే మా ఫైటర్ మల్లిని అడగను కూడా అడక్కుండా భుజాన వేసుకుని కోట మెట్లు ఎక్కేశాడు. ఆట అయ్యాక ఒకరు మంచి మనసుతోనే, "టెన్షన్ పడకు, పదమూడో లెవెల్‌లో నీకు రీజనరేట్ మంత్రం వస్తుంది, కాలు బాగుచేసేసుకో" అన్నారు. (ఆ మంత్రం తెగిపోయిన కాళ్ళకీ చేతులకీ, అది వేరే సంగతి.) ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయికి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. 2014లో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు, నా వయసు వాళ్ళకి పోలియో అంటే చుక్కల మందు వేసే ఆదివారాలే. బాబాయికి అది క్యాలిపరూ (కాలికి ఆసరాగా కట్టుకునే పట్టీల చట్రం) చంక కర్రా. అయినా ఇన్నేళ్ళలో ఆయన్ని దాని గురించి నేను ఒక్క మాట అడగలేదు. ఫోన్ చేసి, భయపడుతూ, ఇలా ఒక ఆటలో ఇలాంటి అమ్మాయిగా ఆడుతున్నా, తప్పా అని అడిగా. తప్పూ ఒప్పూ ఏమీ చెప్పలేదు. "ఆ పిల్లకి ఎన్నో ఏట వచ్చిందమ్మా? కర్ర ఏ చేతికి? ఇంట్లో నీళ్ళ బిందె ఎవరు మోస్తారు?" అని మూడు ప్రశ్నలు వేశాడు. మూడింటికీ నా దగ్గర జవాబు లేదు.

తర్వాత రెండు గంటలు మాట్లాడాడు. క్యాలిపర్ రాకముందు చేత్తో తొడ నొక్కిపట్టుకుని బడికి నడిచేవాడట. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రా చచ్చుబడిన కాలూ ముందు. కర్ర కింద రబ్బరు బుష్ అరిగితే తడి నేల మీద ప్రాణం గుప్పిట్లో ఉంటుంది, అందుకే జేబులో ఎప్పుడూ ఇంకోటి ఉంచుకుంటాడు. "నేను మెల్లగా నడుస్తానని ఎవరన్నారు నీకు? బస్టాండులో నాతో పాటు నడిచి చూడు" అన్నాడు. కాలు బాగుచేసే మంత్రం సంగతి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి వాళ్ళూ ఒక పసరు కట్టో, ఒక మొక్కో చెప్పి వెళ్ళేవాళ్ళట, బళ్ళో మేడ మీదున్న తన క్లాసుని కిందికి మార్చమని మాత్రం ఒక్కరూ అడగలేదట.

బాబాయీ, నువ్వు ఆ రోజు చెప్పినవన్నీ మల్లిలో ఉన్నాయి.

మా డీఎంకి కూడా పెద్ద థాంక్స్. ఒక సాయంత్రం మొత్తం నాతో కూర్చుని మల్లిని మళ్ళీ రాయించింది. వేగం ఇరవై ఐదు చేశాం, ఈ ఆట 2014 రూల్స్‌లో డ్వార్ఫ్‌లూ హాఫ్లింగ్‌లూ అనే పొట్టి జాతుల వాళ్ళకి ఉండేది అంతే, వాళ్ళని చూసి ఎవరూ అయ్యో అనరు కదా. డిసడ్వాంటేజ్ తడి నేల మీదే. ఒక చేతిలో కర్ర ఉంటే కాగడా ఎలా పట్టుకోవాలన్న ప్రశ్నకి మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది: లైట్ మంత్రం కర్ర మీదే వేస్తే సరి! గంట సేపు, ఇరవై అడుగుల మేర వెలుగు. మంత్రాలు వేయడానికి కావాల్సిన దేవుడి చిహ్నం మెడలో వేసుకుంటే చాలు కాబట్టి దానికి ఇంకో చెయ్యి అక్కర్లేదు. ఇప్పుడు గుహల్లో ముందు నడిచేది మల్లే. సారా థాంప్సన్ అనే ఆవిడ ఈ ఆట కోసం రాసి 2020లో ఉచితంగా ఇచ్చిన కంబాట్ వీల్‌చైర్ (యుద్ధంలో వాడే చక్రాల కుర్చీ) రూల్స్ నాకు చూపించింది కూడా మా డీఎమ్మే. మల్లికి చక్రాల కుర్చీ లేదు గానీ, ఆ కుర్చీలో ఉన్న పాత్ర యుద్ధంలో ఏమేం చేయగలదో అన్ని పేజీలు ఓపిగ్గా రాసిన మనిషిని చూసి నాకు ధైర్యం వచ్చింది.

ఆటలో ఒక గుడి సీన్ పెట్టే ముందు కూడా నన్ను విడిగా అడిగింది, పెట్టనా వద్దా అని. క్యాలిపర్‌కి బూటు కలిసే ఉంటుంది, దాన్ని విప్పితే నడవడం కుదరదు. గుమ్మం దగ్గర పూజారి ఆపాడు. మల్లి గడప పక్కన కూర్చుని, తడిగుడ్డతో బూటు అడుగంతా తుడిచి, మోకాలి లాక్ వేసుకుని లేచి లోపలికి వెళ్ళింది. మా ఊరి రామాలయంలో బాబాయి చేసేది అదే. టేబుల్ దగ్గర ఎవరూ డైస్ ముట్టుకోలేదు.

ఫైటర్ ఆడే అబ్బాయికీ థాంక్స్. ఇప్పుడు మెట్లు వస్తే "చెయ్యి కావాలా?" అంటాడు, వద్దంటే ముందుకెళ్ళిపోతాడు, అంతే.

చివరి థాంక్స్ ఇంకో ఫ్రెండ్ వాళ్ళమ్మగారికి. ఇన్నాళ్ళూ మేం ఆడిన ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బాబాయి ఈ వారం హైదరాబాద్ వస్తున్నాడు, ఆట చూస్తానన్నాడు. ఆంటీ తమ ఇంటి కింది గది ఆదివారానికి ఖాళీ చేసి, గుమ్మం దగ్గర జారే పట్టా కూడా తీయించేశారు.