ఇంటర్ ఇంగ్లీషు ప్రాక్టికల్స్‌లో ధ్వనులు నేర్పాలి

సంపాదకులకు,

ఇంటర్ ఇంగ్లీషులో 20 మార్కుల ప్రాక్టికల్స్ 2023-24లో మొదలయ్యాయి. మంచి నిర్ణయం. కానీ రికార్డు నింపించి, నాలుగు సంభాషణలు బట్టీ పట్టిస్తే పిల్లలకు నోరు తిరగదు. ములుగు, భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చే తెలుగు మీడియం పిల్లలకు ముందు ధ్వనులు వినిపించాలి.

భూతకాలంలో క్రియల చివర చేరే ‘ఈడీ’ (ed)నే చూడండి. పిల్లలు అక్షరాలు చూసి ‘వాకెడ్’, ‘లాఫెడ్’ అంటారు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక, చివర రెండు హల్లులు కలిస్తే మధ్యలో అచ్చు దూరుతుంది. గొంతు మీద వేళ్లు పెట్టి క్రియ చివరి ధ్వని పలికించాలి. అదురు లేకపోతే ‘ట్’: వాక్‌ట్, లాఫ్‌ట్. అదురు ఉంటే ‘డ్’: ప్లేడ్, కాల్డ్. ట్, డ్‌లతో ముగిసే క్రియలకు మాత్రమే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. చూడాల్సింది ధ్వనిని, స్పెల్లింగును కాదు. ‘లాఫ్’ జీహెచ్‌తో ముగిసినా పలికేది ‘ఫ్’. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. (‘వికిడ్’ లాంటి కొన్ని విశేషణాలు ఈ లెక్కలోకి రావు.)

ఊనిక (స్ట్రెస్) కూడా అంతే ముఖ్యం. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదటి భాగాన్ని, క్రియ అయితే రెండోదాన్ని ఒత్తి పలకాలి.

26 అక్షరాలతో రాసే ఈ భాషకు బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులున్నాయి. ఆ ధ్వనుల పట్టికను ప్రతి తరగతి గోడకూ అంటించాలి. ప్రాక్టికల్స్ రోజున పిల్లలు ముందు చూడని పది క్రియలిచ్చి, భూతకాలంలో చదివించి మార్కులు వేయాలని ఇంటర్ బోర్డును కోరుతున్నాం.

– జూనియర్ కళాశాల ఇంగ్లీషు అధ్యాపకులు, హనుమకొండ